మూడు రంధ్రాలు

మొదట లోపలి నుంచే రాద్దామనుకున్నాను.
రూట్‌గా కూర్చుని ఆజ్ఞ ఇస్తే
కెర్నెల్ ఒక్క ముక్కలో తేల్చేసింది: అనుమతి లేదు.
బూట్ లైనులో ఓ మాట చేర్చి
దాన్ని ఒప్పించానని సంబరపడ్డాను.
పద్నాలుగో దిమ్మె దగ్గర ఆగిపోయింది.
తెర మీద కొత్త వాక్యం:
చిప్ ఏ స్థితిలో ఉందో తెలియదు,
దయచేసి ఆర్పవద్దు.

ఆర్పలేదు.
ఈనే ఆవును కనిపెట్టుకున్నట్టు
రాత్రంతా పక్కనే కూర్చున్నాను.
హీయుమా దీవి మీద గాలి కరెంటు తీగల్ని పట్టి ఊపుతోంది.
కార్ద్లా ఊళ్ళో దీపాలు రెండుసార్లు రెప్పవేశాయి,
మూడోసారి రెప్ప తెరవలేదు.
ముసలి బ్యాటరీ పదకొండు నిమిషాలు మోసింది.
తర్వాత
ఫ్యాన్ ఆగిన చప్పుడు.

ల్యాప్‌టాప్ ఎండెల్‌ది.
సముద్రం గడ్డకట్టాక
దాని మీద కార్లు పోవచ్చో లేదో చెప్పే మనిషి.
అతని కొలత కడ్డీ
ఈ పాత పెట్టెతో తప్ప ఇంకెవరితోనూ మాట్లాడదు.
పొద్దున్నే వచ్చాడు, గడ్డంలో మంచు పలుకులతో.
"ఎప్పటికి?" అన్నాడు. అంతే.

పెట్టెను వెల్లకిలా పడుకోబెట్టి మరలు విప్పాను.
ఆరు గిన్నెలో పడ్డాయి, ఏడోది నేల మీద ఎక్కడో.
రాగి గొట్టం కింద దొరికింది
ఎనిమిది కాళ్ళ నల్ల చిప్,
చిటికెనవేలి గోరంత కూడా లేదు.
క్లిప్ కరిపించి, తీగలు కలిపి,
ఇంకో యంత్రం నుంచి పలకరిస్తే
తన పేరు చెప్పింది. బతికే ఉంది.
లోపలున్నదంతా చదివి వేలిముద్ర తీశాను:
తొమ్మిదితో మొదలైంది.
మళ్ళీ చదివాను, నాలుగు.
మళ్ళీ, సున్నా.
ఒకే పేజీ, మూడు కథలు.

వేగం తగ్గించాను.
వోల్టేజీ చూశాను, మూడు పైన చిల్లర, సరిగ్గానే ఉంది.
రాతను అడ్డుకునే కాలును పైకి లాగి కట్టాను.
గడియారపు బిళ్ళ బ్యాటరీ ఊడబెరికాను.
నాలుగోసారి నాలుగో కథ.

రాసేద్దామా, ఏమైతే అదే అవుతుంది!
వేలు ఎంటర్ మీదే ఉంది.

ఎండెల్ స్టవ్ దగ్గర బూట్లు ఆరబెట్టుకుంటూ
ఇటు చూడకుండానే అడిగాడు:
"లెక్కలు కలుస్తున్నాయా?"
లేదన్నాను.
"ఒక్కో చోట మూడు రంధ్రాలు వేస్తాను నేను.
మూడూ ఒకే మాట చెబితేనే అడుగు.
చెప్పలేదా, సముద్రాన్ని తిట్టను,
కొలబద్ద తీసి చూసుకుంటాను."

నా కొలబద్ద వైపు చూశాను.
మూరెడు తీగలు, ఏడు రంగులవి,
జడలా అల్లి మురిసిపోయినవి,
దారిపొడుగునా ఒకదాని చెవిలో ఒకటి గుసగుసలాడుతూ.
కత్తెర తీశాను.
బెత్తెడు మిగిల్చాను.

తొమ్మిది.
తొమ్మిది.
తొమ్మిది, చివరి అక్షరం దాకా.

అప్పుడు చెరిపాను.
ఈ జాతి చిప్పుల్లో చెరిపితే సున్నాలు మిగలవు,
ప్రతి గదిలోనూ ఒకటి లేచి నిలబడుతుంది.
రాయడమంటే కొన్నింటిని పడగొట్టడమే.
పడినదాన్ని ఒక్కదాన్ని లేపాలన్నా
దిమ్మె మొత్తం తుడవాల్సిందే.
మొన్న రాత్రి పద్నాలుగో దిమ్మెలో
సగం మంది నిలబడి, సగం మంది పడిపోయి
నా కోసం చూస్తూ ఉండిపోయారన్నమాట.

రాసింది. సరిచూసుకుంది. కుదిరిందంది.
నేను నమ్మలేదు, ఇంకో మూడుసార్లు చదివాను.

బటన్ నొక్కితే ఫ్యాన్ తిరిగింది, తెర మాత్రం నలుపు.
నలభై సెకన్లు.
ఎండెల్ ఒక బూటు తొడుక్కుని, రెండోది చేత్తో పట్టుకుని.
వెలుగొచ్చింది.
మూలన గడియారం
పదిహేనేళ్ళ కిందటి జనవరి ఒకటి అంటోంది.

"ఆ ఏడు రోడ్డే వెయ్యలేదు," అన్నాడు ఎండెల్.
ఒంటివేలితో తనే తేదీ దిద్దుకుని
పెట్టెను కోటు లోపల దోపుకుని వెళ్ళిపోయాడు.

ఏడో మర ఇంకా దొరకలేదు.